పూర్వాపర విచారణ : ‘కల్కి 2898 ఏడి’ చిత్రమును, పాలమూరు–నల్లగొండ సీమల కథాసంప్రదాయమును

ఒక కథను విన్నవాడు “తరువాత నేమి జరిగినది?” అని యడుగుట సామాన్యము. “మున్ను చెప్పినదానితో ఇది పొసగునా?” అని యడుగుట విశేషము. మొదటి ప్రశ్న కుతూహలమునుండి పుట్టును. రెండవది జ్ఞాపకమునుండి పుట్టును. ఈ రెండవ ప్రశ్ననే మన పెద్దలు పూర్వాపర విచారణ మనిరి. 2024 జూన్ 27వ తేదీన విడుదలయిన ‘కల్కి 2898 ఏడి’ అను విజ్ఞానకాల్పనిక చలనచిత్రమును గూర్చి అభిమానులు సాగించిన, నేటికిని సాగించుచున్న చర్చలు ఈ విచారణకు చెందినవే యని మా యభిప్రాయము. వానిని వట్టి కాలక్షేపముగా నెంచి విద్వాంసులు ఉపేక్షించుట తగదనియు, దక్షిణ తెలంగాణమున ఇట్టి విచారణకు దాదాపు ఏడువందల యేండ్ల పూర్వరంగము కలదనియు ఈ వ్యాసమున నిరూపింప యత్నించెదము.

ఇచట పాలమూరు, నల్లగొండ అనగా 2016 నాటి పునర్విభజనకు పూర్వపు మహబూబునగరము, నల్లగొండ జిల్లాలని గ్రహింపవలెను. ఈ సీమకు ఆ చిత్రముతో ప్రత్యక్ష సంబంధమును కలదు. దర్శకుడు నాగ్ అశ్విన్ పూర్వుల గ్రామము నాగర్‌కర్నూలు జిల్లాలోని ఐతోలు. అందు అర్జునుడుగా కనుపించిన విజయ్ దేవరకొండ కుటుంబము అచ్చంపేట ప్రాంతమునకు చెందినది. ఈ సంబంధములను గొప్పగా చాటుట మా ఉద్దేశము గాదు. చిత్రము ఈ సీమవారికి కేవలము దూరపు వస్తువు గాదని సూచించుటయే మా పని.

చిత్రకథను సంగ్రహముగా చెప్పుదము. కథ కురుక్షేత్ర యుద్ధాంతమున నారంభమగును. ఉత్తర గర్భముపై అస్త్రమును ప్రయోగించిన అశ్వత్థామ శాపగ్రస్తుడగును. అతని శిరోమణి తొలగింపబడును. పిమ్మట కథ ఆరువేల యేండ్లను దాటి, గంగ యెండిపోయిన కాశికి వచ్చును. నీరు, పచ్చదనము మొదలగు సంపద యంతయు తలక్రిందులయిన గోపురము వంటి ‘కాంప్లెక్సు’ అను కట్టడమున బంధింపబడి యుండును. అచటినుండి తప్పించుకొన్న గర్భిణిని కాపాడుట అశ్వత్థామ పని. ఆమెను పట్టి యొప్పగించి కాంప్లెక్సులో స్థానము సంపాదించుట భైరవుని కోరిక. ఆ భైరవుడు కర్ణుడే యని చివర తేలును. చిత్రమునకు ముందు, 2024 మే 31న, ‘బుజ్జి అండ్ భైరవ’ అను రెండు భాగముల యానిమేషను పూర్వకథ వెలువడినది. చిత్రకథ మాత్రము ఉత్తరభాగమును అపేక్షించుచు నిలిచినది. ఇట్లు పూర్వకథ, నడుమ కథ, ఉత్తరకథ అని విభజింపబడిన రచనయందు పూర్వాపర శంకలు పుట్టుట సహజమే.

మొదటి శంక కాలగణనకు సంబంధించినది. కథ క్రీస్తుపూర్వము 3102లో నారంభమై క్రీస్తుశకము 2898లో ముగియునని దర్శకుడు విడుదలకు ముందే చెప్పియుండెను. సంప్రదాయము కలియుగారంభమును క్రీ.పూ. 3102గా పరిగణించును. ఈ రెండు సంఖ్యలను కూడిన 6000 వచ్చును. కాని క్రీ.పూ. 1కిని క్రీ.శ. 1కిని నడుమ శూన్యసంవత్సరము లేదు. కాన గడచినవి 5999 మాత్రమే గదా యని లెక్క తెలిసినవారి యాక్షేపణ. శాసనములను చదువువారికి దీని సమాధానము కొత్త కాదు. గతాబ్దములు వేరు, వర్తమానాబ్దము వేరు. క్రీ.శ. 2898 ఉగాది నాటికి కలిలో గతించినవి 5999. నడచునది 6000వ యేడు. చిత్రకారుని సంఖ్య వర్తమానాబ్దముగా నిలుచుచున్నది. ఇంతకంటె పెద్ద శంక మఱియొకటి కలదు. కలియుగ పరిమాణము 4,32,000 సంవత్సరములని పురాణములు చెప్పును. కల్కి యవతరించుట యుగాంతమున. ఆరువేల యేండ్లు ఆ పరిమాణములో డెబ్బదిరెండవ వంతు మాత్రమే. ఈ శంకపై తీర్పు ఉత్తరభాగము వచ్చిన పిమ్మట గాని చెప్పరాదు.

రెండవ శంక అశ్వత్థామ ఆయువును గూర్చినది. వ్యాసభారతమున సౌప్తికపర్వము నందు శ్రీకృష్ణుడిచ్చిన శాపమునకు పరిమితి కలదు. అది మూడువేల సంవత్సరములు. చిత్రమున అశ్వత్థామ ఆరువేల యేండ్లు జీవించియున్నాడు. భాగవత ప్రథమస్కంధమున కథ మఱియొక రీతి నున్నది. పుత్రశోకమున నుండియు ద్రౌపది దయదలచి అతనిని విడువుమనును. అర్జునుడు తల గొఱిగి, శిరోమణిని గ్రహించి, వెడలగొట్టును. అందు శాపపరిమితి యొక్క ప్రసక్తి లేదు. అశ్వత్థామ సప్త చిరంజీవులలో నొకడను నమ్మిక వీనికి తోడు. చిత్రము సౌప్తికపర్వమునుండి శాపమును, చిరంజీవి సంప్రదాయమునుండి ఆయుర్దాయమును గ్రహించినది. పరిష్కర్తలు దీనిని పాఠసాంకర్య మందురు. ఒక తాళపత్రప్రతి లేఖకుడు రెండు మూలములను ముందిడుకొని వ్రాసినప్పుడు కలుగు స్థితియే యిది.

ఈ సందర్భమున మేము విన్న యొక మాటను వ్రాయవలసి యున్నది. 2024 వర్షాకాలమున, అచ్చంపేట త్రోవలోని యొక తేనీటి దుకాణమున, ఇద్దరు కళాశాల విద్యార్థులు ఈ మూడువేల యేండ్ల శంకనే తర్కించుకొనుచుండిరి. ఒకడు పక్కనున్న వృద్ధుని “తాతా, నువ్వు బాగోతాలు చూసినోనివి గదా, నువ్వు చెప్పు” అని యడిగెను. ఆయన “మణి గుంజుకున్నంక బతికినోడు సచ్చినోని లెక్కనే బిడ్డా, ఇంక ఏండ్లు లెక్కవెట్టుడెందుకు?” అనెను. ఇది చమత్కారపు మాట వలె తోచును. కాని భాగవత సిద్ధాంతము కూడ నిదియే. బ్రహ్మబంధువునకు శిరోముండనము, ధనహరణము, స్థానమునుండి వెడలగొట్టుట యనునవే వధ. దేహవధ వేరుగా లేదు. ఆయన యీ ధర్మమును గ్రంథమున చదివి చెప్పలేదు. రాత్రులు మేల్కొని చూచిన ఆటలనుండి గ్రహించి చెప్పెను. ఆయన సమాధానము సంఖ్యావిరోధమును తీర్చలేదు. సంఖ్య ముఖ్యము గాదని తేల్చినది.

మూడవ శంక పాత్రస్వభావమును గూర్చినది. చిత్రాంతమున అశ్వత్థామ భైరవునియందు కర్ణుని గుర్తించును. ద్రోణపర్వమున కృపుని నిందించిన కర్ణునిపై కత్తి దూసినవాడీ యశ్వత్థామయే. విరాటపర్వమున గోగ్రహణ సమయమునను అతడు కర్ణుని అధిక్షేపించెను. ఇట్టివారి పునస్సమాగమము ఎట్టిదై యుండవలెను? కర్ణార్జునులలో నెవ్వరధికులను పాత వాదము చిత్రము వెలువడిన పిమ్మట మరల చెలరేగుటకు మూలము ఇచటనే కలదు. ఒకరు పర్వములను ప్రమాణముగా జూపిరి. ఒకరు నాటకములను, పూర్వ చలనచిత్రములను ప్రమాణముగా జూపిరి. వాదము తెగకుండుటకు కారణము ప్రమాణభేదమే గాని బుద్ధిలోపము గాదు.

ఇక గూఢసూచనలను పరిశీలింతము. ఇవి మూడు విధములని మాకు తోచుచున్నది.

మొదటివి కర్త యుద్దేశించి దాచినవి. 2023 జూలై వరకు ఈ చిత్రమునకు ‘ప్రాజెక్ట్ కె’ యనియే పేరు. ఆ ‘కె’ దేనికి సంకేతమని అభిమానులు ఎన్నియో ఊహలు చేసిరి. తీరా చిత్రమందు కాంప్లెక్సులో గర్భిణులపై జరుగు ప్రయోగమునకే ఆ పేరు పెట్టబడినది. ఇంతకంటె రమ్యమైనది నాయిక పేరు. ఆమె ప్రయోగశాలలో ఒక సంఖ్య మాత్రమే: ‘సమ్’ అను అక్షరముల పిమ్మట 80. ఎనుబదిని ఆంగ్లమున పలికినచో అది ‘సుమతి’ యని ధ్వనించును. కల్కిపురాణమున కల్కి తల్లి పేరు సుమతియే. తండ్రి విష్ణుయశస్సు, గ్రామము శంబల. చక్రబంధమున కవి తన పేరును అరలలో దాచి, చదువరి వెదకి తీయునట్లు చేయుట మన ప్రబంధకవులకు పరిచితమైన విద్య. సంఖ్యలో నామమును దాచుట దానికి దూరము గాదు.

రెండవవి పూర్వచిత్రముల జ్ఞాపకముపై నాధారపడినవి. ఉత్తరగా కనుపించిన మాళవికా నాయర్, అర్జునుడుగా కనుపించిన విజయ్ దేవరకొండ ఈ దర్శకుని 2015 నాటి ‘ఎవడే సుబ్రమణ్యం’లోను, 2018 నాటి ‘మహానటి’లోను నటించినవారే. చిత్రమునకు మార్గదర్శకుడుగా నుండిన సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’ను తీసి, ప్రేక్షకులను కాలయంత్రమున రాయల కాలమునకును, క్రీ.శ. 2504కును గొంపోయెను. ఆయనయే యౌవనమున కె.వి. రెడ్డి వద్ద 1957 నాటి ‘మాయాబజార్’ చిత్రమునకు సహాయకుడు. ఇది గురుపరంపర. కాని ఈ తరగతిలో మిక్కిలి తీవ్రమైనది శ్రీశ్రీ ప్రసక్తి. చిత్రాంతమున నియంతయగు యాస్కిన్ నోట ‘జగన్నాథుని రథచక్రాలు’ వినిపించును. పతితులకు అభయమిచ్చుటకు పుట్టిన కవిత పీడకుని నోట పలుకుట విపరీతము. ఆ పాత్రను ధరించిన కమలహాసనుడు 1981 నాటి ‘ఆకలి రాజ్యం’లో ఉద్యోగము లేని యువకుడుగా శ్రీశ్రీని పఠించినవాడే. ఆ చిత్రమును ఎరిగినవారికి ఈ విపరీతము ద్విగుణమగును. 1946–51 నడుమ రైతాంగ పోరాటమును చూచిన నల్లగొండ గడ్డపై శ్రీశ్రీ మాట కేవలము సాహిత్యము గాదు. కాన ఇచటి శ్రోత ఉలికిపాటుకు ఎక్కువ హేతువు కలదు.

మూడవవి కర్త యుద్దేశమున నున్నవో లేవో యని విచారింప నక్కరలేనివి. చూచువాడు తన యనుభవమునుండి సమకూర్చుకొన్నవి. నీటిని పైన బంధించి క్రింది జనమును ఎండగట్టిన కాంప్లెక్సును వలసల పాలమూరువాడు చూచునప్పుడు, ఫ్లోరైడు నీటిచే ఎముకలు వంగినవారిని ఎరిగిన నల్లగొండవాడు చూచునప్పుడు, అది భవిష్యత్కథ మాత్రమే కాజాలదు. నీటినుండి ఫ్లోరైడును తొలగించు ఒక విధానమునకు ‘నల్లగొండ పద్ధతి’ యని పేరు వచ్చుటయే ఈ జిల్లా దుఃఖమునకు సాక్ష్యము. ఆలంకారికులు సహృదయుని హృదయసంవాదమును గూర్చి చెప్పినదానికి ఇట్టి యర్థములు ఉదాహరణములు.

ఏ సూచనకైనను మూలము ఒక్కటియే యని పట్టుబట్టుట ప్రమాదము. పానగల్లు ఛాయాసోమేశ్వరాలయమున లింగమునకు వెనుక గోడపై స్తంభచ్ఛాయ పగలంతయు నిలిచియుండును. ఆ నీడ ఏ స్తంభముదని వెదకినవాడు ఒక్కదానిని చూపజాలడు. పెక్కు స్తంభముల నడుమనుండి వచ్చు వెలుతురు దానిని కల్పించుచున్నది. కథలలోని గూఢసూచనలును పెక్కు తావుల ఇట్టివే.

ఈ విచారణ ఈ సీమకు క్రొత్త గాదంటిమి. పదుమూడవ శతాబ్దిలో గోన బుద్ధారెడ్డి ద్విపదలో రచించిన రంగనాథ రామాయణము ఇందుకు మొదటి సాక్షి. ఆయన యేలిన వర్ధమానపురము నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నంది వడ్డెమాను. చిత్రదర్శకుని పూర్వుల యూరును ఆ జిల్లాలోనిదే. ఆ కావ్యమున వాల్మీకములో లేని కథలు కలవు. ఉడుత సేతుబంధనమున తోడ్పడుట, శూర్పణఖ కొడుకు జంబుమాలి వృత్తాంతము, లక్ష్మణుడు గీతలు గీయుట, సులోచన కథ మొదలగునవి అట్టివి. పండితులు వీనిని ‘అవాల్మీకములు’ అని పట్టికలు వేసిరి. ఈ పట్టిక వేయుటయే పూర్వాపర విచారణ. మూలమున నున్నదేది, తరువాత చేరినదేది, చేరినది పొసగినదా యని వారు పరీక్షించిరి. లోకము మాత్రము ఉడుతను విడిచిపెట్టలేదు. నేడు ఉడుత వీపుపై చారలను చూచి రాముని తలపని తెలుగువాడు అరుదు. అవాల్మీకమని తేల్చినంతమాత్రమున కథ త్రోసివేయబడదు. ‘మాయాబజార్’ శశిరేఖ కథయు వ్యాసభారతమున లేనిదే గదా.

బుద్ధారెడ్డి ఆఱుకాండములను మాత్రమే రచించెను. ఉత్తరకాండమును ఆయన కుమారులు కాచవిభుడు, విఠలరాజు ద్విపదలోనే పూర్తిచేసిరి. ఒకరి కథను మఱియొకరు కొనసాగించునప్పుడు అతుకు కనబడునా యనునది శ్రోతల పరీక్ష. ఎఱ్ఱన అరణ్యపర్వశేషమును రాజరాజనరేంద్రునికే యంకితముచేసి, నన్నయయే పూరించినట్లు భావింపజేసిన నేర్పు ఈ పరీక్షను ఎదుర్కొనుటకే. 2025 సెప్టెంబరులో, సుమతి పాత్రను ధరించిన దీపికా పదుకొణె ఉత్తరభాగమున నుండబోదని నిర్మాణసంస్థ ప్రకటించినప్పుడు, అభిమానులు పడిన చింత ఈ జాతిదే. ముఖము మారిన పిమ్మట పాత్ర అదియే యని నమ్మించుట యెట్లు? చేయి మారిన పిమ్మట కావ్యము అదియే యని నమ్మించినవారు మనకు కలరు.

ఇరువదవ శతాబ్దిలో ఈ విచారణకు ప్రతినిధి సురవరం ప్రతాపరెడ్డి. 1896లో గద్వాల సంస్థానములోని ఇటికాలపాడున జన్మించి, 1926లో ‘గోలకొండ పత్రిక’ను స్థాపించి, 1953లో కీర్తిశేషుడైన యీ విద్వాంసుడు ‘రామాయణ విశేషములు’ అను గ్రంథమున రామాయణమును భక్తుని వలె గాక చరిత్రకారుని వలె ప్రశ్నించెను. 1934 నాటి ‘గోలకొండ కవుల సంచిక’లో మూడువందల యేబదికి పైగా తెలంగాణ కవులను చేర్చి, ఇచట కవులు లేరను మాటకు బదులు చెప్పినవాడును ఆయనయే. ఈ రెండు పనులు వేరు గావు. మూలమును ప్రశ్నించుటయు, నశించిపోవుదానిని పోగుచేయుటయు ఒకే బుద్ధి యొక్క రెండు వ్యాపారములు.

శాస్త్రమునందును దీనికి స్థానము కలదు. దండి కావ్యాదర్శమున దోషములను చెప్పుచు, ఒక వాక్యమున గాని ప్రబంధమున గాని ముందు చెప్పినది వెనుక చెప్పినదానిచే దెబ్బతిన్నచో అది ‘వ్యర్థము’ అను దోషమనెను. అభిమానులు ఎత్తిచూపు లోపములలో పెక్కు ఈ దోషమున నిముడును. అయినను చిత్తము ఆవేశపరవశమయినవాని నోట విరుద్ధవాక్యము దోషము గాదని ఆయనయే మినహాయింపును చెప్పెను. కాన లోపమును కనిపెట్టుటతో విచారణ ముగియదు. ఆ మాట ఎవ్వరిది, ఏ స్థితిలోనిది అని యడుగవలెను. మూలము లేనిదేదియు వ్రాయనని ప్రతిజ్ఞ చేసిన మల్లినాథసూరి మార్గమును అభిమానులు అవలంబించినచో సగము వాదములు శమించును.

ఇతర దేశములందును ఇట్టి ఉదాహరణములు కలవు. కోనన్ డాయిల్ వ్రాసిన షెర్లాక్ హోమ్స్ కథలలో డాక్టరు వాట్సనునకు తగిలిన గాయము ఒక నవలలో భుజమున, మఱియొక నవలలో కాలున కనుపించును. 1911లో రోనాల్డ్ నాక్స్ అను విద్వాంసుడు ఇట్టి వైరుధ్యములను తీసికొని, బైబిలు పరిశోధకుల పద్ధతిని హోమ్స్ కథలకు అన్వయించి ఆక్స్‌ఫర్డున నొక ప్రసంగ మొసగెను. అది వినోదార్థము వ్రాయబడినది. కాని ఆ మార్గమున ఒక విద్వత్సంప్రదాయమే పుట్టినది. 1977లో మొదలయిన ‘స్టార్ వార్స్’ చిత్రపరంపర విషయమున మఱియొక విశేషము జరిగినది. దాని హక్కులు 2012లో చేతులు మారిన పిమ్మట, 2014లో అంతకుముందరి నవలల నన్నిటిని ప్రమాణకోటినుండి తొలగించి ‘ఐతిహ్యములు’ అను పేర వేరు చేసిరి. అచట ఏది ప్రమాణమో సంస్థ నిర్ణయించినది. మన దేశమున ఉడుత కథ ప్రమాణమా కాదా యని నిర్ణయించు అధికారము ఏ సంస్థకును లేకపోయెను, లోకమే నిర్ణయించినది. ఈ భేదము మిక్కిలి ముఖ్యము. కల్కి చిత్రము ఒక సంస్థ సొత్తే. దాని మూలమయిన భారతము మాత్రము ఎవ్వరి సొత్తును గాదు. అందుచేతనే తేనీటి దుకాణములోని వృద్ధుడు దానిపై తీర్పు చెప్పుటకు అధికారియైనాడు.

ఈ చర్చలలో దోషములు లేకపోలేదు. వెదకుటయే పరమార్థమై, దొరకినదాని యర్థమును విచారింపనివారు కలరు. చిత్రమున చూచినదే భారతమని నమ్మి, భారతమునే తప్పుపట్టువారును కలరు. మొదటి దోషమునకు అలంకారశాస్త్రము, రెండవదానికి మూలగ్రంథపఠనము ఔషధములు. ఈ రెండును మన తరగతిగదులలో కలవు. సుమతి పేరును 80 సంఖ్యలో కనుగొన్న విద్యార్థి చక్రబంధమును త్రోసివేయడు. మనమే అతనికి దానిని శుష్కశాస్త్రముగా చూపి విసుగు పుట్టించుచున్నాము.

తుదకు ఒక్క విషయము. బుద్ధారెడ్డి తన రామాయణమున ఏమి చేర్చెనో మనకు తెలియును. ఆ ద్విపదను మొదట విన్న వర్ధమానపుర జనులు ఏమి యడిగిరో, ఉడుతను చూచి మెచ్చిరో, “ఇది వాల్మీకములో నున్నదా?” యని నిలదీసిరో మనకు తెలియదు, దానిని వ్రాసిపెట్టినవారు లేరు. మన సాహిత్యచరిత్రలో కవి సగము మిగిలెను, శ్రోత సగము పోయెను. ఇపుడా శ్రోత మన కన్నులముందు మాటలాడుచున్నాడు. 2007లో నల్లగొండలో ఏర్పడిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము, 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయము తమ పరిశోధక విద్యార్థులను ఈ పనికి నియోగింపవచ్చును. చేయవలసినది స్వల్పము: శంకను, సమాధానమును, చెప్పినవాని వయస్సును, ఊరిని, అతడు ప్రమాణముగా చూపినది గ్రంథమో, బాగోతమో, చలనచిత్రమో అనుదానిని వ్రాసికొనుట. ఉత్తరభాగము వెలువడిన నాడు నేటి యూహలన్నియు తుడిచిపెట్టుకొనిపోవును. కాన ఆలోపుననే ఈ సేకరణ జరుగవలెను. మణిని పోగొట్టుకొనిన పిమ్మట యేండ్లు లెక్కించుటవలన ప్రయోజనము లేదని మేము విన్న మాట పరిశోధకులకును చెల్లును.